వార్తాపత్రికను పోషించువారెవరు?



నాగారము, నాచారము, ఉప్పల్ ప్రాంతములలో తెల్లవారకముందే పత్రికల కట్టలు దిగును. చాయ చల్లారులోపల దేశపు వార్త, ఊరి వార్త మన చేతికి వచ్చును. అందుకు మనమిచ్చు వెల కొద్ది రూపాయలు. ఆ వెల కాగితమునకు, సిరాకు, ముద్రణకు, రవాణాకు, వ్రాయువారి జీతములకు చాలదు. పత్రికా వ్యాపారమున ఇది రహస్యము కాదు. అట్లయినచో తక్కిన సొమ్ము ఎవరు ఇచ్చుచున్నారు? ఎందుకు ఇచ్చుచున్నారు? ఇచ్చినవారు బదులుగా ఏమి కోరుదురు? తెలుగు పత్రికల నూరేండ్ల చరిత్రను పట్టుకొని ఈ మూడు ప్రశ్నలను నేడు విచారింతము.

ఎవరి బండి ఎక్కిన వారి పాట పాడవలెనని మనలో సామెత కలదు. తిన్న యింటి వాసములు లెక్కపెట్టరాదని మరియొక మాట. సంసారులకు ఈ రెండును మర్యాద నేర్పు మాటలే. పత్రిక పని వేరు. తాను తిన్న యింటి వాసములను సైతము లెక్కపెట్టి, పుచ్చిన వాసమును పుచ్చినదని చెప్పుటకే అది పుట్టినది. తిండి పెట్టువాడు ఒకడు, నిజము తెలియవలసినవారు వేరొకరు అయినపుడు పత్రిక ఎవరి పక్షమున నిలుచును? ఈ ప్రశ్నకు వచ్చిన జవాబు కాలమును బట్టి మారుచు వచ్చినది.

తొలినాళ్ళలో పత్రికకు ఆధారము చందాదారులు, దేశాభిమానుల విరాళములు. 1902లో బందరున కృష్ణాపత్రిక పుట్టెను. ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో మరణించువరకు దానికి సంపాదకులై యుండిరి. నిజాము రాజ్యమున తెలుగువారికి ఈ సదుపాయము చాల ఆలస్యముగా కలిగెను. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారు నల్లగొండలో నీలగిరి పత్రికను ప్రారంభించిరి. ఆ యేడే ఓరుగల్లు సీమలోని ఇనుగుర్తి యను పల్లెలో ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను వెలువరించిరి. పట్టణములందే ముద్రాయంత్రములు అరుదుగా ఉన్న దినములలో వారు తమ పల్లెలోనే యంత్రము నెలకొల్పిరి. ఆ రెండు పత్రికలకు యజమాని భయము లేదు, ప్రకటనదారుని భయము లేదు. అయినను చదువు వచ్చినవారు తక్కువ, చందా ఇచ్చువారు అంతకన్న తక్కువ. కొన్ని సంవత్సరములకే రెండును ఆగిపోయినవి. స్వతంత్రుడైనను తిండి లేనివాడు ఎంతకాలము నిలుచును?

1926 మే 10వ తేదీన హైదరాబాదులో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను ప్రారంభించిరి. తెలుగు విద్యాభిమానుల సాయము వారికి లభించెను. అయినను ఆ రాజ్యమున పత్రిక నడుపుటకు సర్కారు అనుమతి కావలెను. ఇచ్చినవారు తీసికొనగలరన్న ఎరుక ప్రతి వాక్యము వెనుకను ఉండెడిది. సంపాదకుడే వార్తలు దిద్దుట, అచ్చుచిత్తులు సరిచూచుట, చందాలు వసూలు చేయుట మున్నగు పనులను చూచుకొనవలసి వచ్చెను. తెలంగాణమున కవులు లేరని ఒకరు ఆక్షేపింపగా, ప్రతాపరెడ్డిగారు 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఆ పని వలన ఏ వర్తకుని సరుకును అమ్ముడుపోలేదు, ఏ అధికారికిని మెప్పు కలుగలేదు. చదువరుల గౌరవము నిలిచినది. పత్రిక చదువరిది అయినపుడు ఇట్టి పనులు జరుగును.

మద్రాసు తెలుగువారికి మరియొక మార్గము దొరికెను. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును తయారుచేసి అమ్మనారంభించిరి. తలనొప్పి మందు వలన వచ్చిన ధనముతో 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. 1914 ఏప్రిల్ 1 నుండి అది మద్రాసున దినపత్రిక అయ్యెను. భారతి మాసపత్రికయు, ఆంధ్ర గ్రంథమాలయు ఆ ధనము మీదనే నిలిచినవి. తెల్లదొరల ప్రభుత్వము ప్రకటనలు ఇయ్యకున్నను, చందాలు ఆలస్యమైనను, పత్రిక ఆగిపోవు భయము తగ్గెను. ఒక వ్యాపారము ఒక పత్రికను పోషించి, దానికి నడుము బలము ఇచ్చిన ఉదాహరణము ఇది. కాన వ్యాపారి చేతిలో ఉన్న పత్రిక అంతయు చెడినదే అనుట న్యాయము కాదు.

అయినను ఇందులో ఒక సూక్ష్మము కలదు. ఆ పత్రికలో యజమానియు, సంపాదకుడును ఒక్కరే. ఆయన దేశసేవకై జైలుకు పోయినవారు, గ్రంథాలయములకు దానము చేసినవారు. ఆ వ్యాపారము తలనొప్పి మందుది. ఎవరి భూమియు దానికి అక్కర లేదు, ఏ సర్కారు గుత్తయు అక్కర లేదు. పత్రికకును వ్యాపారమునకును తగవు రాకుండుటకు ఆయన శీలమొక కారణము, సరుకు స్వభావమొక కారణము. శీలము వారసత్వముగా వచ్చు ఆస్తి కాదు. సరుకు మారిన తగవు రాకమానదు. నాగేశ్వరరావుగారు 1938లో కీర్తిశేషులైరి. పత్రిక 1991 వరకు నడిచి ఆగెను.

పత్రికకు పగవాడు రెండు రూపములలో వచ్చును. మొదటి రూపము కత్తి. దానిని హైదరాబాదు 1948లో చూచినది. మందుముల నరసింగరావుగారి రయ్యత్ పత్రికను నిజాము ప్రభుత్వము ఆపివేసెను. అందు పనిచేసిన షోయబుల్లాఖాను 1947 చివర ఇమ్రోజ్ అను ఉర్దూ దినపత్రికను స్థాపించి, హైదరాబాదు భారతదేశమున కలియవలెనని వ్రాసెను. బెదరింపులు వచ్చినను మానలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి కార్యాలయము నుండి ఇంటికి పోవుచుండగా రజాకార్లు ఆయనను నరికి చంపిరి. సెప్టెంబరులో ఆ ప్రభుత్వమే పడిపోయెను. కత్తితో వచ్చినవానిని లోకము గుర్తించును. వాని పాపము చరిత్రలో వ్రాయబడును. రెండవ రూపమున వచ్చువాడు చేత సొమ్ముతో, నోట తీయని మాటతో వచ్చును. అతని కథ ఇకముందు చెప్పెదను.

1938 ఆగస్టు 15న మద్రాసున ఆంధ్రప్రభ వెలువడెను. స్థాపించినవారు రామనాథ గోయెంకాగారు. వారు తెలుగువారు కారు. పలుభాషలలో పత్రికలు నడిపిన వ్యాపారవేత్త. 1942 నుండి నార్ల వేంకటేశ్వరరావుగారు సంపాదకులైరి. వారి సంపాదకీయముల కొరకే పత్రిక కొన్నవారు అనేకులు. చదువరులకు అది నార్లవారి పత్రిక. చట్టము దృష్టిలో అది గోయెంకాగారి ఆస్తి. ఈ రెండు మాటలలో ఏది నిజమో 1959లో తేలెను. మద్రాసు కార్యాలయమున కార్మిక వివాదము లేవగా, యజమాని ఆంధ్రప్రభను విజయవాడకు తరలించిరి. నార్లవారు దానిని విడిచిరి. 1960 జూలై 1న కె. ఎల్. ఎన్. ప్రసాద్ గారి పెట్టుబడితో విజయవాడలో ఆంధ్రజ్యోతి పుట్టగా, నార్లవారు దానికి సంపాదకులైరి. కలము ఎంత వాడియైనదైనను దానికి మరల ఒక పెట్టుబడిదారుడు కావలసివచ్చెను.

ఈ సంగతి అంతకుముందే ప్రభుత్వమును ఆలోచింపజేసెను. 1952లో న్యాయమూర్తి రాజాధ్యక్షగారి అధ్యక్షతన మొదటి ప్రెస్ కమీషను ఏర్పడెను. నేషనల్ హెరాల్డు సంపాదకులైన మన తెలుగువారు మానికొండ చలపతిరావుగారు అందొక సభ్యులు. 1954లో వచ్చిన నివేదిక చిన్న పత్రికలను పెద్ద పత్రికలు మ్రింగకుండుటకు ఒక ఉపాయము చెప్పెను. ఇన్ని పుటలకు ఇంత వెల అని కట్టడి చేసినచో, ప్రకటనల ధనముతో పుటలు పెంచి వెల తగ్గించు పద్ధతి ఆగునని దాని భావము. 1956లో అట్టి చట్టము వచ్చెను. పూనాలోని సకాళ్ పత్రిక దానిని ఎదిరించి సుప్రీంకోర్టునకు పోయెను. 1961లో న్యాయస్థానము ఆ చట్టమును కొట్టివేసెను. ప్రకటనలకు చోటు తగ్గిన వెల పెరుగును, వెల పెరిగిన చదువరులు తగ్గుదురు, కాన అది భావస్వాతంత్ర్యమునకే భంగమని తీర్పు. ప్రకటన లేనిదే పత్రిక ప్రజలకు చేరదను మాట ఆ విధముగా న్యాయస్థానమున సైతము స్థిరపడెను.

ఇచట వ్యాపారము యొక్క మర్మము గ్రహింపవలెను. పత్రిక మనకు వార్త అమ్ముచున్నదని మనము తలతుము. ప్రకటనదారుని లెక్కలో అమ్ముడుపోవుచున్నది మన చూపు. ఎంతమంది చూతురో అంత ధర. అందుచేత పత్రిక వెల తగ్గించి చదువరులను పెంచును. చదువరులు పెరిగినకొలది ప్రకటనకు ధర పెంచును. ప్రకటనదారులలో అతి పెద్దవాడు తరచుగా సర్కారే. 1975లో అత్యవసర పరిస్థితి వచ్చినపుడు గోయెంకాగారి ఇండియన్ ఎక్స్ ప్రెస్ సంపాదకీయపు చోటును ఖాళీగా విడిచి నిరసన తెలిపెను. అప్పుడు ప్రభుత్వము దానికి ప్రకటనలు నిలిపివేసెను. ఆ సంస్థ తట్టుకొని నిలిచెను. నార్లవారిని దూరము చేసికొన్న యజమానియే ఇందిరాగాంధీగారి ప్రభుత్వమునకు ఎదురు నిలిచినవాడు కూడ. మనుష్యులను ఒక్క రంగుతో చిత్రింపరాదు.

1974 ఆగస్టు 10న విశాఖపట్టణమున ఈనాడు ప్రారంభమయ్యెను. 1975 డిసెంబరులో హైదరాబాదు ముద్రణము మొదలయ్యెను. దాని అధిపతి రామోజీరావుగారు 2024లో స్వర్గస్థులైరి. ఆయన అంతకుముందే, 1962లో, మార్గదర్శి చిట్ ఫండ్ స్థాపించినవారు. ఈ పత్రిక పల్లెకు మేలు చేసినది. తెల్లవారకముందే గడపకు చేర్చుట, వాడుక మాటలలో వ్రాయుట, 1989 నుండి జిల్లాకొక అనుబంధము వేయుట దాని కొత్త పద్ధతులు. అంతకుముందు హత్య జరిగిననో, వరద వచ్చిననో తప్ప పల్లె పేరు పత్రికలో కానరాదు. తరువాత బడి గోడ కూలినను, బావి ఎండినను వార్త అయ్యెను. జిల్లా పుటలలో జిల్లా అంగళ్ళవారు ప్రకటనలు వేసిరి. తక్కిన పత్రికలు అదే దారి పట్టినవి.

మేలుతోపాటు ఒక చిక్కు కూడ పల్లెకు వచ్చెను. మండలమున వార్తలు పంపు విలేకరులకు పెక్కు పత్రికలు చాలిన జీతము ఇయ్యవు. పైగా సంక్రాంతికి, ఉగాదికి, పత్రిక వార్షికోత్సవమునకు ఇన్ని ప్రకటనలు తేవలెనని లెక్క పెట్టుదురు. తెచ్చినదానిలో కొంత వాటా అతని జీవనము. చౌకధరల దుకాణమున బియ్యము తూకము తగ్గినదని వ్రాయవలసిన మనుష్యుడే, ఆ దుకాణదారుని వద్దకు పోయి శుభాకాంక్షల ప్రకటన అడుగవలసివచ్చును. ఇసుక బండ్ల సంగతి వ్రాయవలసినవాడే ఇసుక గుత్తేదారుని బొమ్మ అచ్చువేయించును. ఇందు ఆ విలేకరి దోషమెంత? అతని చేతికి కలమును, చందా పుస్తకమును కలిపి ఇచ్చినవారి దోషమెంత? మీరే తూచి చెప్పవలెను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా పాఠములు చదివిన స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఉద్యమము జిల్లా అంతట, పిదప రాష్ట్రమంతట వ్యాపించెను. ఈనాడు దానికి ప్రతిదినము పుట కేటాయించి పల్లెపల్లె వార్తను ప్రకటించెను. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాను నిషేధించెను. అక్షరము, పత్రిక, స్త్రీల పట్టుదల కలిసి సాధించిన విజయమిది. అదే కాలమున ఉదయము అను దినపత్రిక కలదు. 1984లో దాసరి నారాయణరావుగారు దానిని స్థాపించిరి, తరువాత అది మద్యవ్యాపారి యైన మాగుంట సుబ్బరామిరెడ్డిగారి యాజమాన్యమునకు వచ్చెను, 1995లో ఆగిపోయెను. ఒక ఉద్యమము ఎవరి వ్యాపారమును తాకుచున్నదో వారి యింటనే పత్రిక ఉండుట సంభవమని దీనివలన తెలియుచున్నది. ఇక ఈనాడు 1983 ఎన్నికలలో తెలుగుదేశము పక్షమును గట్టిగా బలపరచినది. సారా ఉద్యమము నాటి ప్రభుత్వము కాంగ్రెసుది. చేసిన మేలు మేలే. అయినను యజమాని మొగ్గు ఎటువైపో ఎరిగి చదివినవాడు ఆ మేలును ఇంకను స్పష్టముగా చూడగలడు.

తరువాతి కథ మీలో అనేకులు కన్నులార చూచినదే. 2006లో మార్గదర్శి ఫైనాన్షియర్స్ వసూలు చేసిన డిపాజిట్ల విషయమై రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వమునకును, ఈనాడు అధిపతికిని వివాదము లేచెను. 2008 మార్చిలో ఆ ముఖ్యమంత్రి కుమారులు జగన్మోహనరెడ్డిగారు స్థాపించిన సాక్షి వెలువడెను. 2011లో తెలంగాణ రాష్ట్ర సమితి భావములకు అద్దమై నమస్తే తెలంగాణ వచ్చెను. ఒకే సభ, ఒకే ప్రసంగము, మూడు పత్రికలలో మూడు విధములుగా కానవచ్చు కాలము వచ్చెను. పూర్వము గ్రామమున ఒక పత్రికను పదిమంది చదివెడివారు. ఇప్పుడు పక్షమునకొక పత్రిక, పత్రికకొక పక్షము.

పక్షపాతమునైన పోల్చుకొనవచ్చును. దానికన్న లోతైన గాయము 2009 ఎన్నికలలో కనబడెను. అభ్యర్థుల వద్ద సొమ్ము తీసికొని వారి పొగడ్తలను వార్తలవలె అచ్చువేసిరన్న ఆరోపణలు వచ్చినవి. ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘమువారే ఈ సంగతిని బయటపెట్టిరి. విలేకరులే తమ వృత్తిలోని తప్పును లెక్కపెట్టుట గౌరవింపదగిన పని. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులను విచారణకు నియమించెను. వారిలో తెలుగువారు కె. శ్రీనివాసరెడ్డిగారు, రెండవవారు పరంజయ గుహా ఠాకుర్తాగారు. 2010లో వారు పేర్లతో సహా 71 పుటల నివేదిక ఇచ్చిరి. కౌన్సిల్ పేర్లు తీసివేసిన చిన్న నివేదికను ప్రకటించెను. 2011లో కేంద్ర సమాచార కమీషను ఆజ్ఞాపించిన పిదపనే మొదటి నివేదిక ప్రజలకు దొరికెను. ప్రకటన ప్రకటనగా వచ్చినచో చదువరి దానిని దాటిపోవును. వార్త వేషమున వచ్చినచో అది అతని విశ్వాసమును దొంగిలించును.

ఇక మన ప్రాంతమునకు వత్తము. ఉప్పల్, నాచారముల వెంట కర్మాగారములు వచ్చినవి. 2017లో ఉప్పల్ మీదుగా మెట్రో రైలు వచ్చెను. జొన్నచేలు ఇండ్ల స్థలములయ్యెను. పత్రిక మొదటి పుటకు పైన మరొక పుట కప్పి, స్థలముల ప్రకటన, అపార్టుమెంట్ల ప్రకటన వేయుట పరిపాటి. పరీక్షా ఫలితములు వచ్చిన దినమున కళాశాలల ర్యాంకుల ప్రకటనలు పుటల కొలది వచ్చును. అట్టి కళాశాల వసతి గృహమున ఒక బిడ్డ ప్రాణము తీసికొన్నపుడు, ఒక ప్రైవేటు కళాశాల అని మాత్రమే వార్త వచ్చుట మీరు చూచియే యుందురు. చెరువు శిఖము పూడ్చి స్థలములు చేసినవారు ఒక ప్రముఖ సంస్థవారగుదురు. పేదవాడు సైకిలు దొంగిలించిన మాత్రము తండ్రి పేరు, ఇంటి పేరు, ఊరి పేరు వచ్చును. ఎవరును ఉత్తరము వ్రాసి బెదరింపనక్కరలేదు. పేరు జారిపోవును, వార్త లోపలి పుటకు దిగును, మరునాడు దాని జాడ ఉండదు. అబద్ధము అచ్చయినచో ఖండింపవచ్చును. అచ్చుకాని నిజమును ఎవరు ఖండింపగలరు? స్థలము కొన్న గృహస్థునకు, బిడ్డను బడికి పంపిన తల్లికి, నష్టము ఇచటనే కలుగును.

దీనికి మందేమి? పత్రికను మానుట మందు కాదు. కన్ను నొచ్చినదని కన్ను తీసివేయము కదా. చదువుటకు ముందు యజమాని ఎవరో, అతని ఇతర వ్యాపారములేవో తెలిసికొనవలెను. వార్తకు పక్కనే ఎవరి ప్రకటన ఉన్నదో చూడవలెను. పేరు లేని వార్త వచ్చినపుడు పేరెందుకు లేదని సంపాదకునకు జాబు వ్రాయవలెను. పదిమంది సంతకముతో పోయిన జాబుకు విలువ కలదు. గ్రంథాలయమున ఎదురు పక్షములకు చెందిన రెండు పత్రికలు తెప్పించి, ఒకే వార్తను రెండింట చదివి పిల్లలకు చూపవలెను. నిజాయితీగా నడచు చిన్న పత్రిక ఒకటి కనబడినచో దానికి సంవత్సరపు చందా ముందుగానే కట్టవలెను. నీలగిరి పత్రికయు, తెనుగు పత్రికయు అట్టి చందాలు చాలకయే ఆగినవి.

పత్రిక పోషణకు మనమిచ్చునది స్వల్పమైనపుడు, ఎక్కువ ఇచ్చినవాని మాట అందు ఎక్కువగా చెల్లుట వింత కాదు. గోలకొండ పత్రికను నాలుగు దశాబ్దములు నిలిపినవారిలో మన తాతలు, ముత్తాతలు కలరు. వారు చందా కట్టుటయే కాక, పత్రిక వచ్చిన దినమున రచ్చబండపై దానిని పైకి చదివించి, అందలి మాటను నలుగురిలో తర్కించి, నచ్చనిచో సంపాదకునకు వ్రాసిరి. ఆ అలవాటు మన ఊళ్ళలో ఇంకను పూర్తిగా పోలేదు. రేపటి పత్రిక వచ్చినపుడు, దానిని విప్పుటకు ముందు పై పుటను కప్పిన ప్రకటన ఎవరిదో ఒక్క క్షణము చూడుడు. లోపల వారి పేరు ఎచటనైన వార్తగా వచ్చినదేమో పిదప వెదకుడు.